సుబ్బయ్య గట్టును తాకిన లావా

"ఏమ్మా, నువ్వెప్పుడన్నా అగ్నిపర్వతాన్ని సూసినావా?"

రుద్రవరం బడిలో తల్లిదండ్రుల సమావేశం. అడిగినవాడు సుబ్బయ్య: తాతల నాటి భూములున్న రైతు, బడి కమిటీకి పెద్ద. జవాబు చెప్పాల్సింది సోషల్ టీచర్ గోద.

"లేదన్నా. అశోకుణ్ణి కూడా సూల్లేదు. అయినా ఏటా చెప్తానే ఉండా."

సుబ్బయ్య తప్ప అందరూ నవ్వారు.

గోదది అహోబిలం. నాయన చక్రపాణి గుడి వంటశాలలో చక్కెర పొంగలి వండుతాడు. ఆమె నంద్యాలలో బీఎడ్ చేసి, ఆళ్లగడ్డలో అద్దెకుంటూ రోజూ బస్సులో రుద్రవరం వస్తుంది. అహోబిలం అమ్మాయి కదా, లావా అంటే నరసింహస్వామి కోపమని చెబుతుందేమోనని కొందరికి ఆశ. ఆ కొండలు ఎప్పటిదో ఇసుక గట్టిపడి అయిన రాళ్లు, కింద నిప్పూ లేదు గిప్పూ లేదు అని చెప్పి ఆమె పేజీ తిప్పేస్తుంది. స్వామికి దణ్ణం పెట్టేది మాత్రం మానదు. రెండింటికీ పేచీ ఏముందో ఆమెకు తెలీదు.

ఆమె పేచీ అంతా సుబ్బయ్య గట్టుతో. కొండ మీది వాననీళ్లు ఒకప్పుడు ఆయన చేని పక్క వంకలో పడి పోయేవి. ఆయన వంకకు అడ్డంగా గట్టు పోయించాక అవి బడి మీదికి తిరిగాయి. వానపడితే ఆరో తరగతి పిల్లలు బెంచీల మీద కాళ్లు ముడుచుకుని కూర్చోవాలి. గట్టులో ఒక తూము పెట్టించమని ఎన్నిసార్లు అడిగినా ఆయనది ఒకటే మాట: "నీళ్లు వాటికిష్టమైన దావన పోతాయి. నన్నడిగి పోతాయా?"

మళ్లీ వానలు దగ్గరపడ్డాయి. గోద లావా పాఠం బడి ఆవరణలో పెట్టి, ముఖ్య అతిథిగా సుబ్బయ్యను పిలిచింది. కుర్చీ వేస్తామంటే ఆయన రాకుండా ఉండడు.

రేగడి మట్టితో కొండ, వంక, గట్టు చేసింది. బడి స్థానంలో అగ్గిపెట్టెలు పెట్టింది. లావాకు బెల్లం పాకం. నాయన ఫోన్లో ముందే చెప్పాడు: "తీగపాకంలోనే దించు. ఉండపాకమైతే నీ లావా కొండ మీదే కూచుంటాది."

పాకం పోసింది. ఏటవాలులో పరుగెత్తింది, చదునులో బద్ధకించింది. చిన్న గుట్ట అడ్డొస్తే రెండు పాయలై చుట్టుకుని, గుట్టను దీవిలా మధ్యలో వదిలేసింది. అంచులు చల్లారి గట్టిపడితే ఆ అంచుల మధ్యనే కాలువలా సాగింది.

"నిజం లావా కూడా ఇంతే. నేల యాడ పల్లముంటే ఆడికి," అంది గోద. "ఐస్‌లాండులో మట్టికట్టలు పోసి, ఊరి మీదికొచ్చే లావాను పక్కకు మళ్లించినారు."

అంతలో పాకం గట్టుకు తగిలింది. ఉబ్బింది. ఎడమకు తిరిగి నేరుగా అగ్గిపెట్టెల్లోకి దూరింది.

"టీచర్, అది సుబ్బయ్య తాత గట్టు గదా!" ఏడో తరగతి హిమజ అరిచింది.

సుబ్బయ్య కండువా సర్దుకున్నాడు. "అది బెల్లం గాబట్టి అట్ల తిరిగింది. నీళ్లు పల్చన. గట్టెక్కి దూకుతాయి."

గోద చెంబు ఆయన చేతికిచ్చింది. "నువ్వే పొయ్యన్నా."

పోశాడు. నీళ్లు గట్టెక్కలేదు. బెల్లం పోయిన దావనే పోయి అగ్గిపెట్టెల్ని తేల్చి, పొంగి ఆయన చెప్పుల్లో చేరాయి.

"ఏందమ్మా, పిల్లోళ్ల ముందర నా గట్టు తీపిస్తాండావా?"

"తీయొద్దన్నా. తూము పెట్టు."

"దుడ్లెవరిస్తారు?"

"సగం నేనిస్తా."

ఆయన తడిసిన చెప్పులు విదిలించాడు. "బేగా తెప్పియ్యి. వానలొస్తాండాయి."

చల్లారిన లావాను మట్టి దులిపి ఏడో తరగతి తినేసింది.

ఆళ్లగడ్డలో సిమెంటు తూము కొన్నది గోదే, డబ్బు మొత్తం తానే కట్టి. తొలి పెద్దవానకు నీళ్లు పాత వంక పట్టాయి. ఆరో తరగతి గది పొడిగా ఉంది. సుబ్బయ్య గొడుగేసుకుని వెళ్లి చూసొచ్చి, తూము తనే పెట్టించానని టీ అంగడి దగ్గర నలుగురికీ చెప్పాడు.

ఆయన వాటా రెండువేల నాలుగువందలు ఇంకా రాలేదు.