కడుపుకీ గుండెకీ మధ్య

విడవలూరు దగ్గర పల్లెలో వెంకటశేషమ్మకు భర్త పోయాక మిగిలిన ఆధారం ఒక్క పాడిగేదె. చీకటితోనే లేచి పాలు పితకాలి, ఇళ్ళకు పోసిరావాలి, రొయ్యల గుంటల గట్ల మీద గడ్డి కోసుకురావాలి, మళ్ళీ సాయంత్రం పాలు. ఒంట్లో బాగోలేదని ఒక పూట పడుకునే వీలు ఆమెకు ఏనాడూ దొరకలేదు.

వానలు తగ్గుముఖం పట్టాక గేదె మేత ముట్టడం మానేసింది. నెమరు లేదు. వీపు వంచి నిలబడి మూలుగుతోంది, పడుకోవడానికే జంకుతోంది. అజీర్తి అనుకుని శేషమ్మ అల్లం, వాము నూరి పట్టింది. గుణం కనిపించలేదు. నిలబడి ఉన్నప్పుడే కటికవాళ్ళకు అమ్మేయమన్నాడు పక్కింటి కామాక్షయ్య. ఆమె పశువుల డాక్టరు రేవతిని పిలిపించింది.

రేవతి గేదె రొమ్ము కింద పిడికిలితో నొక్కింది. అది గట్టిగా మూలిగింది.

"ఏదో ఇనప ముక్క మింగినట్టుందమ్మా. గేదె ముందు నమలకుండా మింగేసి, తర్వాత నెమరేస్తుంది కదా. బరువైన వస్తువు ముందరున్న చిన్న పొట్టలో పడిపోతుంది. దాని ముందు పల్చటి కండతెర. తెరకు ఇవతల కడుపు, పేగులు, కాలేయం. అవతల ఊపిరితిత్తులు, గుండె. పొట్ట ముడుచుకున్నప్పుడల్లా ఆ ముక్క ముందుకే పోతుంది."

"గుండె దాకా పోయుంటాదా?"

గుండెకు గుచ్చుకుంటే మెడ నరం ఉబ్బుతుందనీ, ఉబ్బలేదు కాబట్టి ఆశ ఉందనీ, తెరిచి చూస్తేగానీ చెప్పలేననీ రేవతి అంది.

శేషమ్మ గేదె పలుపు చేతికి చుట్టుకుంది. "కానీండమ్మా. నేను పట్టుకొని ఉంటా."

నిలబెట్టే ఎడమ డొక్కలో మత్తు సూది వేశారు. చర్మం, కండ, ఆ తర్వాత పెద్ద పొట్ట కోసి తెరిచారు. పులిసిన గడ్డి వాసన గుప్పుమంది. దోసిళ్ళతో గడ్డి తోడేసి, రేవతి భుజం దాకా చెయ్యి లోపల పెట్టి ముందరి చిన్న పొట్టలో వెతికింది. పొట్ట గోడ అవతల గుండె కొట్టుకోవడం చేతికి తగులుతోందని చెప్పింది. చివరికి తుప్పు పట్టిన తీగ ముక్క బయటికి వచ్చింది, ఏ గుంట చుట్టూ కట్టిన కంచెదో. దాని మొన పొట్టను దాటి కండతెరలో దిగింది గానీ గుండెను తాకలేదు. శేషమ్మ గుంజకు ఆనుకుని కూర్చుంది.

కుట్లు వేసి, డొక్క మీద పిడికిలి పెట్టి చూస్తుండమనీ, పొట్ట పనిచేస్తుంటే అదే చేతిని నెడుతుందనీ రేవతి చెప్పి వెళ్ళింది. మరునాడు శేషమ్మ కుట్లకు తగలకుండా పిడికిలి ఆనించి నిలబడింది. ఎంతసేపటికీ ఏమీ లేదు. కాళ్ళు పీకుతున్నాయి. తీసేద్దామనుకుంటుండగా లోపల బరువుగా ఏదో పొర్లి, చేతిని మెల్లగా నెట్టింది. పొద్దు వాలేసరికి గేదె నెమరేసింది.

పాలు మాత్రం మునుపటి మట్టానికి రాలేదు. శేషమ్మ కొన్ని ఇళ్ళకు పోయడం మానుకుంది. ఇప్పటికైనా అమ్మేయరాదా అని కామాక్షయ్య మళ్ళీ కదిపాడు.

"దానికీ నాకూ ఇంక పరుగులు చేతకాదన్నా. వచ్చినకాడికి చాలు," అంది.

ఇప్పుడు మధ్యాహ్నాలు ఆమెకు కాస్త ఖాళీ దొరుకుతోంది. గేదె నెమరేస్తుంటే, పాక నీడలో గోనెపట్టా పరుచుకుని నిద్రపోతుంది.