మేకగా మారిన మేస్త్రీ

సుభద్రకు మేస్త్రీ వీరయ్య అంటే ఒళ్ళు మంట. నూజివీడు శివార్లలోని మామిడికాయల షెడ్డులో ఆమె కాయలు ఏరి, సైజులవారీగా క్రేట్లలో సర్దేది. క్రేటులో మచ్చకాయ కనిపిస్తే చాలు, వీరయ్య దాన్ని తీసి ఆడవాళ్ళ కాళ్ళ దగ్గరికి విసిరికొట్టేవాడు. "కళ్ళు ఇంట్లో పెట్టొచ్చారా?" అనేవాడు. ఓసారి అలా విసిరిన కాయ తోటి కూలి దుర్గ మడమకు తగిలింది. దుర్గ కుంటుతూనే పని చేసింది. వీరయ్య తిరిగి చూడను కూడా లేదు.

అప్పట్లో సుభద్ర ఫోన్లో వందేళ్ళ నాటి మూగ సినిమాలు చూస్తుండేది. కుర్చీలో కూర్చున్న మనిషి ఉన్నట్టుండి మాయమవుతాడు. అదెలాగో అంతుబట్టక పదేపదే చూసింది. మనిషి మాయమయ్యే క్షణంలో వెనకున్న తెర కాస్త అదిరింది. గుట్టు తెలిసిపోయింది. కెమెరా ఆపి, మనిషిని తప్పించి, మళ్ళీ తిప్పారు.

ఓ ఆదివారం ఇంటి వెనక ఫోన్ కదలకుండా గుంజకు కట్టింది. దుర్గ తలపాగా చుట్టి, పొట్ట ముందుకు తోసి, వేలు ఆడిస్తూ అచ్చం వీరయ్యలా నడిచింది.

"ఆగు!" అని సుభద్ర రికార్డింగ్ ఆపింది. దుర్గ తప్పుకుంది. సరిగ్గా అదే చోట పెరట్లోని మేకను నిలబెట్టి దాని తలకు ఆ పాగా చుట్టారు. ఆలస్యమైతే నీడ జరిగిపోయి మోసం తెలిసిపోతోంది. తొందరపడితే మేక పాగా నములుతోంది. సాయంత్రానికి ఎలాగో కుదిరింది. సౌండ్ తీసేసి, షెడ్డులో వాళ్ళకి వాట్సాప్‌లో పంపింది.

అది మార్కెట్ దాకా పాకింది. వీరయ్య కనిపిస్తే కుర్రాళ్ళు "మే..." అనసాగారు.

అతను షెడ్డులో అందరి ముందూ ఫోన్ సుభద్ర మొహానికి ఆనించినంత పని చేశాడు. "నేను మేకనా?"

"మీ పేరెక్కడుందండీ అందులో? మాటే లేని బొమ్మ."

"నా నడక కాదా అది?"

"మీరే గుర్తుపట్టారు. నేనేం అన్లేదు."

"తీసెయ్. లేదా రేపట్నుంచి ఇటు రాకు."

"తియ్యను."

"అయితే పో. అందులో నడిచింది నువ్వేగా, నువ్వూ పో," అన్నాడు దుర్గ వైపు తిరిగి.

సుభద్రకు పని ఇవ్వొద్దని వీరయ్య బాపులపాడు మేస్త్రీలకూ చెప్పిపెట్టాడు. ఆమెను వెళ్ళినచోటల్లా తిప్పి పంపారు. చివరికి ముసునూరు దగ్గర ఒక తోటలో పని దొరికింది. ఈలోగా దుర్గ వీరయ్య దగ్గరికి వెళ్ళి, "నాకేం తెలీదండీ, సుభద్రక్కే చేయించింది," అని చెప్పి పనిలో చేరిపోయింది. నిజానికి ఆ నడక నడుస్తానన్నది దుర్గే. వీరయ్య తిట్లకు రాని కన్నీళ్ళు ఈ మాట చెవినపడగానే సుభద్రకు ఆగలేదు.

ఆటో స్టాండులో దుర్గ ఎదురుపడింది. "ఏం చెయ్యనక్కా, ఇల్లు గడవాలి కదా."

"గడుపుకో. నా మీద చాడీలు చెప్పి కాదు."

దుర్గ ఇంకేదో అనబోయింది. సుభద్ర ఆటోలో ఎక్కి కూర్చుని, "పోనివ్వు," అంది డ్రైవర్‌తో.