జల్లెడక్క రాసిన ప్రకటన

ఆఫీసులో అందరూ ఆమెను జల్లెడక్క అనేవారు. సాఫ్ట్‌వేర్ బయటికి వెళ్లేముందు అందులోని తప్పులు పట్టడం, అదే టెస్టింగ్, ఆమె పని. ఆమె కుర్చీలో కూర్చుని ఒక్కసారి దగ్గితే చాలు, ప్రోగ్రాములో నక్కిన తప్పులన్నీ చేతులెత్తి బయటికొచ్చి వరసలో నిలబడేవట. ఒకసారి లిఫ్టెక్కుతూనే "ఇది మధ్యలో ఆగిపోతుంది చూడండి" అంది. ఆగింది. లోపల ఇరుక్కున్నవాళ్లు లిఫ్టును ఒక్క మాటా అనలేదు, తిట్లన్నీ ఆమెకే.

ఆమె టీముకు పెద్ద స్వయానా పిన్ని కొడుకు. ఉద్యోగం వేయించిందీ అతనే. నలుగురిలో సార్ అన్నా, గది తలుపు మూస్తే అన్నయ్యే.

"అన్నయ్యా, నన్నూ కోడింగ్ శిక్షణకు పంపరాదూ? ఎన్నాళ్లని ఒకళ్లు వండిందానికి ఉప్పు చూస్తూ కూర్చోను?" అని ఏటా అడిగేది.

"నువ్వా కుర్చీ దిగితే నా కొంప మునుగుతుందే తల్లీ," అనేవాడు. ఆ మాటకు ఆమె ఏడాదికి సరిపడా పొంగిపోయేది.

అలాంటిది, కొత్తమనిషిని తీసుకోమని పైవాళ్లు చెప్పిన రోజు అతనే ఆమెను పిలిచి, తలుపు మూసి, గొంతు తగ్గించాడు.

"ప్రకటన నువ్వే రాయి. వీలైనంత పెద్దగా రాయి. ఎవడూ దొరకడు. బయట దిక్కులేదు, మా చెల్లినే పైకి జరుపుదామని అప్పుడు నేనంటాను."

జల్లెడక్క చేయి ఇక ఆగలేదు. ఏం కావాలో అడిగి రాబట్టడం, డిజైన్, కోడింగ్, టెస్టింగ్, విడుదల, ఆపైన మరమ్మతులు. సాఫ్ట్‌వేర్ పుట్టుక నుంచి చావుదాకా అన్ని దశల్లోనూ చేయి తిరిగిన మనిషే కావాలంది. అది చదివిన పక్కసీటు డెవలపర్ నోరు వెళ్లబెట్టాడు.

"ఇన్నొచ్చినోడు మన దగ్గరికెందుకొస్తాడక్కా? సొంతంగా ఇంకో భూగోళం చేసుకోడూ?"

"రాకూడదనేరా బాబూ, రాసింది!"

కానీ వచ్చారు. జాతరకొచ్చినట్టు వచ్చారు. కాగితం మీద అందరికీ అన్ని దశలూ వచ్చు. ఇంటర్వ్యూలో గోటితో గీకితే సగమే మిగిలింది. సగమైనా చాలు, మిగతాది మనమే నేర్పుకుందామన్నారు పైవాళ్లు. అలా ఒకమ్మాయి చేరింది. టెస్టింగ్ ఆమెకు జల్లెడక్కే ఓపిగ్గా నేర్పింది.

నేర్పడం పూర్తికాగానే అన్నయ్య పిలిచాడు. తలుపు మూయలేదు. అంటే సార్ అనాలన్నమాట.

"ఇకనుంచి టీములో అందరికీ ఆ ప్రకటనే కొలత అంటున్నారు. ఒక్క టెస్టింగే వచ్చినవాళ్లకు చోటు లేదట."

"రాయించింది మీరే కదా సార్?"

"నేను పెద్దగా రాయమన్నాను. నువ్వు ఆకాశమంత రాశావు."

"మరి శిక్షణకు పంపమని ఏటా మీ ప్రాణం తీశానే?"

"అప్పుడు పని ఒత్తిడి అలాంటిది."

"కొత్తమ్మాయికో?"

"వచ్చేవారం వెళ్తోంది."

జల్లెడక్క అతని మొహంలోకి చూసింది. "ఇలా కొలుస్తారని మీకెప్పుడు తెలుసు?"

అతను కిటికీ తెర సర్దాడు. "నీచేత రాయించకముందే."

లోకంలో తప్పులన్నీ పట్టిన కళ్లు ఎదురుగా ఉన్న మనిషి దగ్గర మాత్రం ఇన్నాళ్లూ మూసుకునే ఉన్నాయి. తడిగుడ్డతో గొంతు కోస్తారని విన్నది గానీ, ఆ గుడ్డ తనచేతే తడిపిస్తారని వినలేదు.

"ఇంకో మాట," అన్నాడతను. "మా అమ్మతో మాత్రం నువ్వే మానేశానని చెప్పు. నన్ను తప్పుగా అనుకుంటుంది."

ఆమె బయటికొచ్చింది. వరండాలో ఉండగానే పిన్ని ఫోను.

"ఏమే, నువ్వే మానేశావటగా? అంత కష్టమేమొచ్చిందే నీకు?"

ఆ కబురు ఆమెకన్నా ముందే ఇల్లు చేరిందన్నమాట.

"మానలేదు పిన్నీ. మీవాడే తీసేశాడు. నన్ను తీసేసే కొలత నాచేతే రాయించాడు."

పిన్ని గొంతు మెత్తబడింది. "వాడి ఉద్యోగమూ నిలబడాలి కదమ్మా. నువ్వూ ఆ మిగతావేవో నేర్చుకోవాల్సింది."

జల్లెడక్క ఫోను పెట్టేసి, సీటు దగ్గరికొచ్చి సంచి సర్దుకుంది. కొత్తమ్మాయి తల తిప్పింది.

"అక్కా, తప్పెక్కడుందో దొరకట్లేదు. ఒక్కసారి చూడరా?"

చూసింది. రెప్పపాటులో కనపడింది. సంచి భుజాన వేసుకుంది.

"మీ సార్‌నడుగమ్మా. ఆయనకన్నీ ముందే తెలుస్తాయి."