టౌకే కారు కింద నాలుగో నిమ్మకాయ

మలేసియాలోని మా ఇపో ఊళ్ళో నూరేళ్ళు దాటిన కారును నిమ్మకాయలతో వీధిన పడేసిన ఘనుణ్ణి నేనే. ఏడేళ్ళయింది. ఇప్పటికీ మా చుట్టాల పెళ్ళిళ్ళలో నాకు నిమ్మరసం గ్లాసు అందించేవాళ్ళు ముసిముసిగా నవ్వుతూనే అందిస్తారు. మీరూ నవ్వండి, నాకు అలవాటైపోయింది.

అప్పుడు నాకు ఇరవై ఆరు. ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తాని. పొద్దస్తమానం ఫోనులో పాత కార్ల వీడియోలు చూసి చూసి, కార్ల గురించి నాకు తెలియనిది లేదనే నమ్మకం కుదిరింది. స్పానరు పట్టిన పాపాన మాత్రం పోలేదు. అది పట్టింది మా మావయ్య, అమ్మకు అన్న. ఊరి చివర ఆయనకు చిన్న వర్క్‌షాపు ఉంది.

మా ఊళ్ళో ఎడ్లబళ్ళు తిరిగే రోజుల్లో ఒక చీనా టౌకే, అంటే పెద్ద ఆసామి, ఓడలో పెట్టెలకొద్దీ ముక్కలు తెప్పించి, తన షెడ్డులో తానే బిగించి కారు తయారుచేశాడు. ఆ షెడ్డూ ఆ కారూ ఇంకా ఉన్నాయి. రోజూ ఆ కారు ముందు నిలబడి హ్యాండిల్ తిప్పి ఇంజను లేపే పని మా మావయ్య తాతది. శ్రీకాకుళం వైపు నుంచి బాగన్ దాతుక్ కొబ్బరితోటకు కూలికి వచ్చి, అక్కణ్ణుంచి టౌకే దగ్గర చేరాడట. తాత లేపిన ఇంజనును ఒక్కసారి తన చేత్తో లేపాలన్నది మావయ్యకు చిన్నప్పటి నుంచీ ఉన్న కోరిక.

ఇప్పుడు ఆ షెడ్డు టౌకే మనవరాలిది. డెబ్బై దాటిన ఆవిణ్ణి వీధి వీధంతా ఆంటీ అంటారు. కారు బాగుచేయించాలని ఆవిడ కౌలాలంపూర్ నుంచి ఇద్దరు ఇంజనీర్లను పిలిపించింది. చక్రాలు నాలుగూ పట్టేశాయి, కోసి తీయాల్సిందేనని వాళ్ళు తేల్చేశారు. పని తనకిమ్మని మావయ్య ఆరు నెలలు బతిమాలితే, ఒక ఆదివారం వచ్చి చూడమని, పని ఎవరికిచ్చేదీ ఆ రోజే చెప్పేస్తానని ఆంటీ అంది.

నేనూ వస్తానని కాళ్ళావేళ్ళా పడ్డాను. బయల్దేరుతుంటే అమ్మ నా చేతిలో నాలుగు నిమ్మకాయల సంచి పెట్టింది. కొత్త బండి కొన్నా, పాత బండి బాగుచేయించినా, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించందే మావాళ్ళు రోడ్డెక్కరు. పని మనకొస్తే అప్పుడు పెట్టమని అమ్మ చెప్పింది. అందులో 'అప్పుడు' అన్న మాట నా చెవిలో దూరలేదు.

దారి పొడవునా మావయ్యది ఒకటే పాట. "ఒరే, కళ్ళతో సూడు. సేతులు మాత్రం జేబులోంచి తియ్యకు. అది మా తాత బండిరా."

షెడ్డులో అడుగుపెట్టాం. గోడ నిండా టౌకే వాడిన పనిముట్లు, మధ్యలో ఇత్తడి దీపాలతో, గట్టి రబ్బరు చక్రాలతో, పెళ్ళికొడుకులా ఆ కారు. ఎన్ని వీడియోలు చూస్తే ఏం, దాని పక్కన నిలబడితే ఒళ్ళు జలదరించింది. కడిగిన నీళ్ళు బయటికి పోవాలని నేలను వీధి గుమ్మం వైపు వాలుగా పోశారు. ముందు ఎడమ చక్రానికి మాత్రం ఒక చెక్క అడ్డుపెట్టి ఉంది. ఈ రెండు సంగతులూ మీరు గుర్తుపెట్టుకోండి, నేను పెట్టుకోలేదు.

పాత సామాన్లు చూపిస్తానని ఆంటీ మావయ్యను వెనక గదిలోకి తీసుకెళ్ళింది. నేనూ, కారూ, నిమ్మకాయలూ మిగిలాం. పూజ ముందే చేసేస్తే పని మావయ్యకే వస్తుంది కదా అని నా బుర్రకు తోచింది. మూడు చక్రాల ముందు మూడు కాయలు పెట్టాను. నాలుగో చక్రం దగ్గర చోటేదీ? చెక్క అడ్డం. మూడు కాయలతో పూజ ఆపితే అరిష్టం అనుకున్నాను. ఎలాగూ చక్రాలు పట్టేశాయని అంతటి ఇంజనీర్లే చెప్పారు. చెక్క లాగి చంకలో పెట్టుకుని, ఆ చోట నిమ్మకాయ పెట్టి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టాను.

చిట్‌మని చప్పుడైంది. తర్వాత ఇంకోటి. కళ్ళు తెరిచేసరికి నాలుగు కాయలూ చితికిపోయి, కారు గుమ్మం వైపు నడుస్తోంది. పూజ మాత్రం శాస్త్రోక్తంగా జరిగినట్టే.

నేను ముందుకు పరిగెత్తి రెండు చేతులూ రేడియేటరుకు ఆనించి ఆపబోయాను. కారు ఆగకపోగా నన్నే వెనక్కి నడిపించుకుంటూ వీధిలోకి తెచ్చింది. ఎదురుగా కాఫీ కొట్టు. బయట బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయన తొణక్కుండా తన కప్పు ఎత్తి పట్టుకుని పక్కకు జరిగాడు. ప్రతి మాటకూ 'లా' తగిలించే మా మలేసియా అలవాటుతో "సారీ అంకుల్ లా" అంటూ నేను వెనక్కి వెనక్కి.

మావయ్య పరిగెత్తుకొచ్చాడు. "సెక్కేదిరా? ఎక్కడెట్టినావు?"

నేల మీద నాలుగు వైపులా వెతికాను. చూశావా అని కారును కూడా అడిగానేమో తెలియదు. మావయ్య నా చంకలోంచి చెక్క లాగి చక్రం ముందు విసిరాడు. బల్లకు జానెడు దూరంలో కారు ఆగింది.

మావయ్య మొహం చూడలేకపోయాను. ఆయన నన్ను తిట్టలేదు. కారు మీద చెయ్యేసి, నేల చూస్తూ నిలబడ్డాడు. చిన్నప్పటి నుంచి దాచుకున్న కోరికను చేజేతులా వీధిలో పారబోశానని నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

ఆంటీ మెల్లిగా నడిచి వచ్చింది. చక్రాన్ని తడిమింది, వచ్చిన దారి చూసింది, మలాయ్ భాషలో మావయ్యతో అంది: "ఇద్దరు ఇంజనీర్లు చూసి చక్రం తిరగదన్నారు లా. మీవాడు నిమ్మకాయ పెట్టి తిప్పాడు. కోయకుండా చేస్తావా?"

మావయ్య గబగబా తల ఊపాడు.

"అయితే రేపట్నుంచి రా. వీడు మాత్రం గుమ్మం దాటకూడదు."

పని సాగిన పదకొండు నెలలూ నేను ఎదుటి కాఫీ కొట్టులో కూర్చునే చూశాను. ఇంజను లేపే రోజు ఆంటీయే ఫోన్ చేసి నిమ్మకాయలు తెమ్మంది. మావయ్య హ్యాండిల్ పట్టుకుని తాతను తలచుకుని తిప్పితే, మూడో తిప్పుకు ఇంజను లేచింది. నాకంటే పెద్దగా ఆయనే ఏడ్చాడు.

అందుకే చితికిన ఆ నాలుగు కాయల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బతికుండగా ఏ చక్రం ముందు చెక్కనూ ముట్టను, తలుపు కింద చెక్కను కూడా ముట్టను. అయినా ఆంటీకి నమ్మకం లేదు. మొన్న వెళ్ళి చూస్తే, ఆ చెక్కను నేలకు మేకులతో కొట్టించి ఉంది.