ఊరేగింపులో పోయిన మా అవ్వ చెప్పు

నిన్న టీవీలో, చరిత్రను కళ్లారా చూసినవాళ్లు మాట్లాడే డాక్యుమెంటరీ సిరీస్ ఒకటి కనిపించింది. ఎమ్మిగనూరు దోస్తులారా, అలాంటివి తీసేవాళ్లే ఒకసారి మా మగ్గాలింటికి కెమెరాతో వచ్చారు, గుర్తుందా?

స్వాతంత్ర్యం వచ్చిన రోజు ఆదోనిలో జరిగిన ఊరేగింపు గురించి అడిగారు. తాత ఇస్త్రీ పంచె కట్టుకుని, మగ్గాలన్నీ ఆపించి, గంటసేపు మాట్లాడాడు. గంజి చేతులు తుడుచుకుంటూ అవ్వ వస్తే ఆమెనూ అడిగారు.

“మీరేం చూశారమ్మా?”

“యాడ సూసేది నాయనా? ఆ తొక్కులాటలో నా కొత్త సెప్పు పోయింది. జనమంతా జెండా సూస్తాంటే, నేను వాళ్ల కాళ్లు సూస్తాంటి.”

తాత తల పట్టుకున్నాడు.

అది టీవీలో వచ్చిన రోజు వీధంతా మా ఇంట్లోనే కూర్చుంది. అవ్వ మాట మొత్తం వచ్చింది. తాత ఒక్క క్షణం కూడా కనిపించలేదు. “నా మాటలన్నీ యాడికి పోయినాయప్పా?” అంటూ టీవీ వెనక్కి వెళ్లి చూశాడు.

తర్వాత ఉరుకుంద తిరునాళ్లకు పోతుంటే, బస్సులో ఎవరో గుర్తుపట్టి, “టీవీ అవ్వ వచ్చినాది, లేయండప్పా” అని సీటిప్పించారు. తాత మాత్రం దారంతా కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి పక్కన నిలబడినాయనతో మెల్లగా అన్నాడు.

“ఆమె మా ఇంటామెనే.”