అక్క మొగుడు అన్నయ్య కాడు

మా ఆయన బెంగాల్లో రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్సులో మా లైనంతా శ్రీకాకుళం వాళ్ళమే. ఒక ఏడు కలకత్తా నుంచి బెంగాలీ అమ్మాయి వచ్చింది, సమాజసేవ చదువుతోందట. మా ఆడవాళ్ళని కూర్చోబెట్టి పిల్లల టీకాల సంగతి చెప్పాలి, అప్పుడే పరీక్ష పాసు. ఒక్కరూ రాలేదు. ఎవరో తెలియని మనిషి పిలిస్తే ఎందుకొస్తారు?

ఒక ఆదివారం మా గుమ్మంలో నిలబడి నన్ను "అక్కా" అంది. మా ఆయన వైపు తిరిగి "అన్నయ్యా" అంది. అక్క అంటే దీదీ, అన్నయ్య అంటే దాదా అని ఎవరో నేర్పారట. ఆయన తాగుతున్న టీ ముక్కులోకి పోయింది.

పక్కింటి వదిన గోడవతల నుంచి అందుకుంది. "ఓలమ్మా, మొగుడూపెళ్ళాల్ని అన్నాసెల్లెళ్ళని సేసీసింది ఈ గుంట."

బెంగాలీలో విడమరిచి చెప్పాను. ఆ పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది.

"నాను అక్కనైతే ఈయన నీకు బావ. ఎంత ఏళాకోళమైనా ఆడుకో," అన్నాను.

బదిలీ మీద ఎవరొచ్చినా మేం ముందు వరస కలుపుతాం. తర్వాతే మంచీ చెడ్డా. ఆ సాయంత్రం ఇల్లిల్లూ తిప్పి వరసలు కట్టాను. తర్వాతి ఆదివారం చుట్టాలమ్మాయి పిలిచిందని పిల్లల్ని చంకనేసుకుని అందరూ వచ్చారు.

చూడటానికి వాళ్ళ టీచరమ్మ వచ్చింది. "అందరికీ చుట్టమైపోతే రేపు తగువొస్తే ఎవరి పక్షం ఉంటావు?" అని అడిగింది. పిల్ల ముఖం వాడిపోయింది. పరీక్ష పోయిందనుకుంది.

"వొరస లేనోళ్ళని తగువులో ఎవులు కూకోనిస్తారు?" అంది వదిన. "అత్త తిడితే పడతాం. దారినపోయినోళ్ళు తిడితే పడతామేటి?"

నేను బెంగాలీలోకి మార్చి చెప్పాను. టీచరమ్మ చెప్పులు విప్పి చాప మీద కూర్చుంది. ఎవరు ఎవరిని తిట్టొచ్చు, ఎవరు ఎవరికి అడ్డం పడాలి, అన్నీ అడిగింది. ఆవిడ ఎక్కాల్సిన బండి వెళ్ళిపోయింది.

"మరి నేను మీకేమవుతాను?" అంది చివరికి.

"ఈ గుంటకి అమ్మ వొరసైతే నాకు అత్తవి," అంది వదిన.

"అయితే తిట్టొచ్చుగా. మీ ఇద్దరూ మా క్లాసుకొచ్చి ఈ పాఠం చెప్పకపోతే ఊరుకోను. ఈ పిల్ల పాసు."

వెళ్ళాం. నేను చెబుతుంటే ఆ పిల్ల బోర్డు మీద రాసింది. నాకప్పటికి అక్షరం రాదు. బెంగాలీ అక్షరాలు ఆమె దగ్గరే నేర్చుకున్నాను, తెలుగు ఆ తర్వాత. చెల్లెలికి అక్కని తిట్టే హక్కు లేదని ఎంత చెప్పినా వినలేదు, నేను తప్పు రాసినప్పుడల్లా తిట్టింది.