చేపల పులుసు మీద పెరుగు

“ఆగుండ్రి బావా! ఆ పెరుగు ముట్టకుండ్రి!”

ఆ కేక మా గల్లీ చివర పాన్ ఠేలా దాక వినపడ్డదట. మర్నాడు ఠేలా ఆయన అడిగిండు, “ఏంది మామా, నిన్న మీ ఇంట్ల ఎవలికన్న కరెంట్ కొట్టిందా?” అని. కొట్టింది నాయనా, మెయిన్ లైనే కొట్టింది! కేక పెట్టింది నేను, షాక్ తిన్నదీ నేనే. నా కొడుకు పెండ్లి మాట సుత ఆ దెబ్బకు మాడిపోయేదుండె. జర కూసోండ్రి దోస్తులారా, చాయ్ తాగుకుంట వినుండ్రి. నవ్వొస్తే నవ్వుండ్రి గని, మధ్యల సలహా మాత్రం ఇయ్యకుండ్రి. సలహా అన్న మాటకే ఇప్పుడు నేను దూరం నుంచి దండం పెడుతున్న.

మీకు తెలిసిందే, నాకు చంద్రపూర్‌ల కూలర్ల దుకాణం ఉన్నది. కూలర్ గడ్డి కొననీకి వచ్చినోనికి గడ్డితోపాటు నాలుగు ఆరోగ్య ముచ్చట్లు పైస తీసుకోకుండ ఫుకట్‌ల చెప్పి పంపుడు నా అలవాటు. జేబుల ఉల్లిగడ్డ పెట్టుకో, వడదెబ్బ తగలది. ఎండలకెల్లి వచ్చి చల్లనీళ్ళు తాగకు, నరాలు పట్టేస్తయ్. రాగి చెంబుల నీళ్ళు తాగు, ఏ రోగం నీ దిక్కు చూడది. నేను చదివింది పదో తరగతి, అది సుత మరాఠీల. అయితే ఏంది? రోజు పొద్దుగాల ఫోన్ల వచ్చే మెసేజ్‌లు చదివి చదివి సగం డాక్టర్‌నైతే అయిన!

నా కొడుకు నితిన్ మాత్రం ఆ సగం సుత ఒప్పుకోడు. ఊర్జానగర్‌ల కరెంట్ తయారు చేసే కార్ఖానాల ఇంజినీర్ వాడు. నేను నోరు తెరిస్తే వానిది ఒకటే మాట, “బాపూ, దానికి సబూత్ ఏంది, రుజువు ఏంది?”

“సబూత్ కోర్టుల అడుగుతరు బిడ్డా, ఇంట్ల అడుగరు. ఎన్నేండ్ల సంది జేబుల ఉల్లిగడ్డ పెట్టుకుంటున్న, ఒక్కనాడన్న నాకు వడదెబ్బ తగిలిందా?”

“నువ్వు ఎండల తిరిగింది ఎన్నడు? పొద్దందాక కూలర్ ముందలనే కూసుంటవు. ఆ ఉల్లిగడ్డకు సర్ది అయ్యి ఉంటది.”

గిట్ల ఉంటయ్ మా ఇంట్ల మర్యాదలు.

వానితోపాటు ఆఫీసుల పని చేసే పిల్ల అశ్విని. ఇద్దరూ ఒకరినొకరు ఇష్టపడ్డరు. పిల్లోళ్ళు విరూర్ దిక్కు మన తెలుగోళ్ళే, పాతకాలం నుంచి వ్యవసాయం చేసుకుంట అక్కడ స్థిరపడ్డ కుటుంబం. పిల్ల తండ్రి విఠల్, తల్లి కమల. పోయిన ఆదివారం వాళ్ళిద్దరూ మా ఇల్లు చూసుకోనీకి వస్తమన్నరు.

మా దిక్కు ఇల్లు చూసుకునేకాడ ఒక రివాజు ఉన్నది. నచ్చకపోతే చాయ్ తాగి దండం పెట్టి పోతరు. నచ్చితే అన్నానికి కూసుంటరు. కడుపునిండ తిని చెయ్యి కడుక్కున్నరంటే మాట ఖాయం. విస్తరి ముందలికెల్లి సగంల లేచిండ్రంటే ఇగ ఆ ముచ్చట అక్కడికే బంద్.

అందుకే ఆ పొద్దుగాల నా భార్య సుగుణ నన్ను వంటింట్లకు పిలిచి హుకుం జారీ చేసింది.

“ఇగ చూడు. ఇయ్యాల ఒంటి గురించి, తిండి గురించి, మందుల గురించి ఒక్క ముక్క మాట్లాడద్దు.”

“మల్ల మనిషి మాట్లాడనీకి ఏం మిగిలింది?”

“కూలర్ల గురించి మాట్లాడు.”

ఎందుకు, ఏంది అని అడిగితే చెప్పలే. తల్లీకొడుకులు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. చేపల పులుసు మీద ఉన్న ధ్యాసల నేను పట్టించుకోలే. ఇరై నది రవ్వ చేపలు! విఠల్ బావకు చేపలంటే పానమట. కమలమ్మ మెడల పాండురంగని తులసి మాల ఉన్నది, ఆ మాల ఏసుకున్నోళ్ళు నీసు ముట్టరు. అందుకని వాళ్ళ ఇంట్ల చేప వండరు. సుగుణ పొద్దున్నే లేచి వేరే గిన్నెలల్ల ఆమెకు సొరకాయ పప్పు, బెండకాయ కూర వండి పక్కకు పెట్టి, తర్వాతనే చేపలు కోసింది.

పన్నెండు కొట్టే యాళ్ళకు వాళ్ళు వచ్చిండ్రు. బల్లార్‌పూర్ దాక రైలు, అక్కడికెల్లి ఆటో. ఆ ఎండల కమలమ్మ మణికట్టు దాక చేతుల జాకెట్ ఏసుకున్నది, మెడ చుట్టు కొంగు కప్పుకున్నది. “శాన మంచి పని చేసిండ్రు చెల్లె, ఒంటికి ఎండ తగలది!” అన్న. సుగుణ నన్ను చూసిన చూపుకు నేను గబగబ కూలర్ల ముచ్చటల పడ్డ. ఇనుప డబ్బకు, ప్లాస్టిక్ డబ్బకు తేడా ఏందో చెప్పిన. పంపు ఎందుకు కాలిపోతదో చెప్పిన. పాపం, విఠల్ బావ అన్నిటికీ తలూపిండు. ఆఖరికి ఆయనే అన్నడు, “మస్తు వాసన వస్తున్నది బావా, అన్నం పెడ్తరా?”

అన్నం అడిగిండు! నితిన్ మొఖం వెలిగింది. సుగుణ కండ్లు తుడుచుకున్నది. మాట సగం ఖాయం!

మొగోళ్ళం ముగ్గురం కింద కూసున్నం. సుగుణ పిలిచింది గని, “మనిద్దరం తర్వాత కలిసి తిందాం వదినా” అని కమలమ్మ వంటింటి గడప కాడ నిలబడ్డది. విఠల్ బావ ముల్లు తీసుకుంట, పులుసు జుర్రుకుంట సంబురంగ తింటుండు. “మా ఆమె తల్లిగారిల్లు సుత తులసి మాల ఏసుకునే ఇల్లే బావా. పుట్టినప్పటి సంది చేప వాసన తెల్వది. నాకేమో కలల సుత చేపే!” అందరం నవ్వినం. తర్వాత ఆయన పెరుగు గిన్నె దిక్కు చెయ్యి చాపిండు.

చేపల మీద పెరుగా? కాబోయే వియ్యంకుడు నా కండ్ల ముందల విషం తింటుంటే కూలర్ల గురించి మాట్లాడుదునా?

కేక పెట్టిన. పెట్టి ఊకున్ననా? గిన్నె గుంజిన. ఆయన గిట్ల గుంజిండు, నేను గట్ల గుంజిన. గిన్నెడు పెరుగు ఆయన తెల్ల అంగీ మీద పడ్డది.

“ఏమైంది బావా? బల్లి పడ్డదా?”

“బల్లి పడ్డా బతుకుతరు! చేపలు తిని పెరుగు తింటే తెల్ల మచ్చలు అస్తయ్! బొల్లి! ఒక్కసారి అచ్చిందంటే ఇగ పోదు. చేతుల మీద, మెడ మీద పాకుకుంట పోతది. మనిషిని నలుగురిల నిలబడనియ్యది. ఆ ఇంటికి పిల్లనిచ్చేటోళ్ళు, ఆ ఇంటి పిల్లను చేసుకునేటోళ్ళు ఉండరు!”

నితిన్ నా మోకాలు గట్టిగ ఒత్తిండు. నా మాటకు బలం ఇస్తున్నడనుకున్న. సుగుణ చేతిల ఉన్న మూత కింద పడేసింది. చెయ్యి కాలిందనుకున్న. ఇంత మొద్దు మనిషి మీ దోస్తు.

“బాపూ, చాలు.”

“ఏం చాలు? సబూత్ కావాల్నా నీకు? నా కండ్లతోటి చూసిన!”

అప్పుడు గడప కాడికెల్లి మెల్లగ ఒక మాట వచ్చింది. “ఎవల్ని చూసిండ్రు అన్నా?”

“ఆఁ?”

“చేపలు, పెరుగు తిని మచ్చలు వచ్చినోళ్ళను చూసిన అన్నరు గద. ఎవల్ని?”

ఎవల్ని చూసిన నేను? ఎంత వెతికినా ఒక్క మొఖం యాదికి రాలే. “మా మేనత్త తోటికోడలుండె చెల్లె...” అన్న.

“ఆమె చేప మీద పెరుగు తింటుంటే మీరు చూసిండ్రా?”

“చూడలే గని... తినే ఉంటది. లేకపోతే మచ్చలు ఎందుకస్తయ్?”

కమలమ్మ ముందలికి వచ్చింది. మెడ మీది కొంగు తీసింది. జాకెట్ చెయ్యి మోచెయ్యి దాక పైకి గుంజింది. చెయ్యంత తెలుపు. మెడ కింద తెలుపు.

“నేను చేప నోట్ల పెట్టలేదన్నా. ఇప్పుడే మా ఆయన చెప్పిండు, మీరు సుత నవ్విండ్రు. మరి నాకెందుకు వచ్చినయ్?”

మీకు తెలుసు గద, దుకాణంల నన్ను ఎవడు ఏది అడిగినా నా కాడ జవాబు తయారుంటది. ఆ పొద్దు ఆ జవాబు నాకు ఎక్కడికెల్లి వచ్చిందో వెతుక్కున్న. ఆ ముచ్చట నాకు మా అవ్వ చెప్పింది. అవ్వకు ఇంకెవలో చెప్పిండ్రు. ఫోన్ల సుత వచ్చింది, పంపినోనికి ఇంకోడు పంపిండు. చెప్పినోళ్ళు వెయ్యి మంది. చూసినోడు ఒక్కడు లేడు.

“మచ్చలు వచ్చిన కొత్తల మా అత్త నాకు పెరుగు బంద్ చేసింది” అన్నది కమలమ్మ. “తర్వాత పాలు, నిమ్మకాయ, చింతపండు. ఏ పెండ్లికి పోయినా ఆడోళ్ళు చుట్టు చేరి, ఏం తిన్నవు, ఏం తిన్నవు అని అడుగుడే. ఒకాయన ఇచ్చిన లేపనం పూస్తే చెయ్యి బొబ్బలెక్కింది. మచ్చ నాకు ఎన్నడు నొప్పి పెట్టలే అన్నా. జనం ఇచ్చిన మందులే నొప్పి పెట్టినయ్.”

“డాక్టర్ ఏమన్నడు?” సుగుణ చిన్నగ అడిగింది.

“నాగ్‌పూర్‌ల తోలు డాక్టర్‌కు చూపించినం. రోగాల మీద పోట్లాడాల్సిన బలం పొరపాటున ఒంటికి రంగిచ్చే కణాల మీద పడతదట. చేపలు పెరుగు కలిపి తింటే అస్తదనేదానికి సబూత్ లేదన్నడు. ఒకరికెల్లి ఒకరికి అంటుకోదన్నడు.”

నేను నితిన్ దిక్కు తిరిగిన. “నీకు తెలుసా?”

“తెలుసు. అమ్మకు సుత తెలుసు.”

“మరి నాకెందుకు చెప్పలే?”

“చెప్తే నువ్వు అత్తకు సలహా ఇస్తవని.”

గట్ల! నా సలహాకు భయపడి ఇంటిల్లిపాది నోరు కుట్టుకున్నరు. మండే ఎండల ఆ తల్లి నిండు చేతుల జాకెట్ ఏసుకొని వచ్చింది. అయినా నేను సలహా ఇచ్చిన. పిలవని పేరంటం కాదు, సొంత ఇంట్లనే!

విఠల్ బావ లేచిండు. విస్తరిల అన్నం సగం అట్లనే ఉన్నది. “పా కమలా. బండి దొరుకుతది” అన్నడు. నితిన్ మొఖం నల్లబడ్డది. వాడు ఒరిగిన పెరుగు గిన్నె లేపి నా ముందల పెట్టిండు. తిట్టినా బాగుండు.

విఠల్ బావ వాకిట్లకు పోయి చెయ్యి చాపిండు. “చెల్లె, నీళ్ళు పొయ్యి.”

సుగుణ చెంబు వెనుకకు దాచుకున్నది. “నేను పొయ్యనే పొయ్య అన్నా. నీళ్ళు పోస్తే మీరు పోతరు.”

అంగీ మీద పెరుగు, చేతికి పులుసు, ఆయన ఆ ఎండల గట్లనే నిలబడ్డడు. సుగుణ ఏడ్చుకుంట చెంబు ఇయ్యకుంట నిలబడ్డది. నాకు ఏం చెయ్యాలో తెల్వక విస్తరి ముందల కూసొని, గిన్నె అడుగున మిగిలిన పెరుగు చేపల పులుసుల కలిపి గబగబ నోట్ల పెట్టుకున్న. యాభై దాటిన ఈ నోట్లకు ఆ రెండూ కలిసి పోవుడు అదే మొదటిసారి. “చూడు చెల్లె, తింటున్న. నాది తప్పు. తింటున్న!”

కమలమ్మ నన్ను చూసింది. “మీరు తింటే ఏం సబూత్ అన్నా? రేపు మీకు ఏదన్న అయితే పెరుగు మీద పెడ్తరు. ఏం కాకపోతే జేబుల ఉల్లిగడ్డ కాపాడింది అంటరు.”

ఉల్లిగడ్డ ముచ్చట సుత విరూర్ దాక పోయింది!

తర్వాత ఆమె వాకిలి దిక్కు తిరిగి అన్నది, “లోపటికి రా. ఎన్ని ఇండ్లల్ల నేను గిట్ల సగంల లేచి పోయిన? మాట అన్నది ఆయన. ఆకలైంది నాకు. ప్రతిసారి నేనే ఎందుకు లేవాలె? ఇయ్యాల తినే పోత.”

“మరి పిల్ల ముచ్చట?” విఠల్ బావ అడిగిండు.

“నితిన్ మొదటిసారి మనింటికి వచ్చినప్పుడు నా చెయ్యి చూసి ఏం తిన్నవని అడుగలే. చాయ్ల చక్కెర ఎంత ఏసుకుంటవు అత్తా అని అడిగిండు. నేను పిల్లనిచ్చేది ఆ పిలగానికి. ఈయన నోటికి కాదు.”

ఈయన అంటే నేనే. పేరు సుత దక్కలే నాకు. దక్కకపోయినా మంచిదే, మాట నిలబడ్డది.

సుగుణ పక్కింటికి ఉరికి గిన్నెడు పెరుగు అడుక్కొచ్చింది. ఆడోళ్ళు తర్వాత, మొగోళ్ళు ముందల అనే ముచ్చట ఎవలికీ యాది లేదు. ఐదుగురం గుండ్రంగ కింద కూసున్నం. విఠల్ బావ మల్ల చేపల పులుసు ఏయించుకొని, దాని మీద పెరుగు ఏసుకొని, నన్నే చూసుకుంట ఒక్కో ముద్ద తిన్నడు. కమలమ్మ జాకెట్ చెయ్యి కిందికి దించలే. పప్పన్నం తింటున్నది, పెరుగన్నం కలుపుతున్నది. నా దిక్కు మాత్రం చూస్తలేదు.

మధ్యల ఆమె నీళ్ళ గ్లాసు లేపి గటగట తాగింది. అన్నం నడుమ నీళ్ళు తాగితే అరుగదు అని నా గొంతు దాక వచ్చింది. మీ మీద ఒట్టు, గొంతు దాక వచ్చింది!

పెద్ద ముద్ద కలిపి, దవడలు ఉబ్బేటట్టు నోట్ల కుక్కుకున్న.

“ఏమన్న అంటున్నవా?” సుగుణ కండ్లు ఉరిమి అడిగింది.

అడ్డంగ తలూపిన. ఇన్నేండ్లల్ల నేను పంచిన మందులన్నిట్ల, నలుగురి కండ్ల ముందల పని చేసినట్టు సబూత్ దొరికింది, నా నోరు మూసిన ఆ ఒక్క ముద్దకే. ఇంకో ముద్ద సుత కలుపుకున్న.